తాత పొలం దొరుకుతుంది, తాత దొరకడు

కృష్ణా జిల్లా పామర్రు పక్క మండలం మొవ్వలో భట్లపెనుమర్రు అనే ఊరుంది. జాతీయ జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య పుట్టిన ఊరు అది. ఆయన పుట్టింది ఆగస్టు 2న అన్నదాంట్లో తేడా లేదు, పేచీ అంతా సంవత్సరం దగ్గరే. కొన్ని పుస్తకాలు 1876 అంటాయి, కొన్ని 1878 అంటాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో ఆయన 146వ జయంతి జరిపి 1876ను ఖాయం చేసుకుంది. అయినా రెండో లెక్క చలామణీలోంచి పోలేదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీజీ చేతికి జెండా నమూనా ఇచ్చిన మనిషి, 1963 దాకా బతికిన మనిషి. ఆయన పుట్టిన ఏడాదే రెండు రకాలుగా వినబడుతుంటే, అదే కాలంలో అదే డెల్టాలో పుట్టి, పొలం దున్ని, మగ్గం నేసి, కూలి చేసి వెళ్ళిపోయిన మామూలు మనుషుల ఆనవాలు పట్టేదెలా?

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ళలో వినిపిస్తోంది. అమెరికాలో చదువుతున్న మనవరాలు బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారని ఫోన్ చేస్తే, పామర్రులో ఉన్న తాతయ్య తన తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు తడుముకోకుండా చెబుతాడు. ఆపైన అడిగితే మాట ఆగిపోతుంది. ముత్తాత ఎప్పుడు పుట్టాడు, ఏ ఊరి నుంచి వచ్చాడు, ఏ జబ్బుతో పోయాడు, ఆయన చెల్లెలిని ఎక్కడ ఇచ్చారు? జవాబుండదు.

కాగితం లేక జవాబు లేదనుకుంటే పొరపాటు. కృష్ణా డెల్టాలో కాగితానికి కరువు లేదు. కాకపోతే ఆ కట్టలు విప్పేది ఆస్తి తగాదా వచ్చినప్పుడే. సరిహద్దు గట్టు జరిగిందనో, వాటా తగ్గిందనో, కోర్టు అడిగిందనో నూరేళ్ళ నాటి రికార్డు బయటికి తీస్తారు. ఆ రికార్డులోనే ఉన్న మనిషి కోసం ఎవరైనా వస్తే ఆఫీసులో వింతగా చూస్తారు. పొలం కోసం తీసే కాగితాన్ని మనిషి కోసం కూడా తీయగలిగే ఏర్పాటు ఈ జిల్లాకు అవసరం. అదీ త్వరగా కావాలి.

మూడు తరాల దగ్గరే జ్ఞాపకం ఎందుకు ఆగుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తద్దినం పెట్టే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాతలకు వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా పిండాలు పెడతారు. తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ అక్కడే వస్తాయి. నాలుగో తరం ఆ వరస దాటిపోతుంది, దాంతో పేరూ జారిపోతుంది. ఇంకో విశేషం: ఇంట్లో చనిపోయిన తిథి గుర్తుంటుంది, సంవత్సరం గుర్తుండదు. తిథి ఏటా వస్తుంది కాబట్టి మరిచిపోరు. సర్కారు పుస్తకంలో దీనికి తలకిందులుగా ఇంగ్లీషు తేదీ, సంవత్సరం ఉంటాయి, తిథి ఉండదు. ఈ రెండూ ఒకచోట కలిస్తే మనిషి దొరికినట్టే. ఏ తేదీన ఏ తిథి పడిందో లెక్కకట్టి చూసుకోవడానికి పంచాంగ పండితుడు ఎల్.డి. స్వామికన్ను పిళ్లై సంపుటాలకు సంపుటాలు పంచాంగ పట్టికలు అచ్చువేయించి పెట్టారు. ఇంటి జ్ఞాపకాన్నీ సర్కారు తేదీనీ సరిచూసే సాధనం నూరేళ్ళుగా సిద్ధంగా ఉందన్నమాట.

మరి ఆ సర్కారు పుస్తకం ఏది? మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. పల్లెల్లో ఆ రిజిస్టరు గ్రామ మున్సబు దగ్గర ఉండేది. వెతికేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి: పిల్ల పుట్టిన నాలుగు రోజులకే రాసే పద్దులో పిల్ల పేరు చాలాసార్లు ఉండదు. నామకరణం ఇంకా కాలేదు మరి. ‘ఆడ’ అనో ‘మగ’ అనో రాసి తండ్రి పేరు రాసేవారు. అందువల్ల తాత పేరుతో వెతికితే తాత దొరకడు, ఆయన తండ్రి పేరుతో వెతకాలి. ఇక బడి రిజిస్టరులోని పుట్టినతేదీని పూర్తిగా నమ్మడానికి లేదు. పిల్లవాణ్ణి బళ్ళో వేసే రోజున వయసు సరిపోయేలా పంతులుగారు వేసిన తేదీలు ఎన్నో. ఒక తరం వాళ్ళలో అంతమంది జూలై 1నే పుట్టడం వెనకున్న కిటుకు అదే.

అన్నిటికన్నా కథ ఎక్కువ చెప్పేది రిజిస్ట్రారు ఆఫీసు. పాత క్రయ దస్తావేజు ఒక్కటి చాలు. రాసిచ్చినవారి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, కాపురం ఉంటున్న ఊరు, అన్నీ మొదటి పేరాలోనే ఉంటాయి. ఎందుకు అమ్ముతున్నారో కూడా తరచుగా రాసేవారు: కూతురి పెళ్ళికి, పాత ప్రోనోటు బాకీ తీర్చడానికి, కుటుంబ ఖర్చులకు. నాలుగు హద్దులూ చదివితే ఇరుగు పొరుగు రైతుల పేర్లు బయటపడతాయి. వాళ్ళలో ఒకరో ఇద్దరో దాయాదులై ఉంటారు. సాక్షి సంతకాల్లో బావమరిది కనిపిస్తాడు. సంతకం రాని మనిషి వేసిన వేలిముద్ర ఉంటుంది. ఫోటో ఒక్కటి కూడా మిగలని ముత్తాత ఒంటి గుర్తు అదొక్కటే కావచ్చు.

ఈ పుస్తకాలు చూసే హక్కు చట్టంలోనే ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే 1వ నంబరు పుస్తకాన్ని, దాని ఇండెక్సులను, ఫీజు కట్టి దరఖాస్తు చేసిన ఎవరైనా చూడవచ్చు. వీలునామాలుండే 3వ నంబరు పుస్తకం నకలు కూడా, రాసిన మనిషి చనిపోయాక, అడిగిన ఎవరికైనా ఇవ్వాలి. అడ్డంకి చట్టంలో లేదు, వెతికే వీలులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్ మీద ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత ఇండెక్సులు తిరగేయాలి. అవి ఏటికేడు నలిగిపోతున్నాయి.

తర్వాతది రెవెన్యూ రికార్డు. ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో ఉండే సెటిల్‌మెంటు రిజిస్టరును ఇక్కడి ఊళ్ళలో డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. ఏటేటా ఎవరు సాగు చేశారో, ఏ పైరు వేశారో అడంగల్ చెబుతుంది. లెక్కంతా ఫసలీల్లో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, అదీ జూలై నుంచి మొదలయ్యేది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. అడంగల్లో ఒక ఏడాది దాకా ఒక పేరుండి మరుసటి ఏడాది కొడుకుల పేర్లు పడ్డాయంటే, తండ్రి పోయిన కాలం సుమారుగా తెలిసిపోతుంది. అయితే ఈ దారి అన్ని ఊళ్ళకూ ఒకేలా లేదు. రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్ళకు పాత రికార్డు ఉంది. చల్లపల్లి, వుయ్యూరు, నూజివీడు వంటి జమీందారీల కింద ఉన్న ఊళ్ళలో రైతు పేరు రాసుకున్నది జమీందారు కచేరీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అలాంటి ఊళ్ళ లెక్కలు సర్కారు చేతికి వచ్చాయి.

ఊరి పేరు తెలిసినా తిప్పలు తీరవు. పాత కాగితంలో ‘కృష్ణా జిల్లా’ అని ఉంటే అది ఏ కృష్ణా జిల్లా అని అడగాలి. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. 1904లో గుంటూరు విడిపోయింది. అప్పుడే ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు గోదావరి జిల్లా నుంచి ఇటు వచ్చి, 1925లో పశ్చిమ గోదావరి పేరుతో మళ్ళీ వెళ్ళిపోయాయి. 2022లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. ఒకే ఊళ్ళో కదలకుండా కూర్చున్న కుటుంబం కూడా మూడు జిల్లాల రికార్డుల్లో ఉండవచ్చు. పామర్రు సంగతే చూడండి. ఇదే పేరుతో గోదావరి డెల్టాలోనూ ఒక ఊరుంది. ఒక పాత కాగితంలో వట్టి ‘పామర్రు’ అని కనిపిస్తే, అది కృష్ణా డెల్టాదో గోదావరి డెల్టాదో తాలూకా పేరు చూశాకే చెప్పాలి.

కాగితం పోగొట్టుకున్న సందర్భాలూ ఈ నేలకు తక్కువేమీ కావు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద విరుచుకుపడ్డ ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టనబెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. మనుషులతోపాటు భోషాణాలు, వాటిలోని దస్తావేజులు నీళ్ళపాలయ్యాయి. మూడో దెబ్బ తుపాను వేసింది కాదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాలు, మున్సబుల పదవులను రద్దు చేసింది. ఊరి మీద కొన్ని కుటుంబాల పెత్తనాన్ని తొలగించిన మంచి పని అది. అయితే తరతరాలుగా కరణాల ఇళ్ళలో పేరుకుపోయిన కవిలె కట్టలు, చిత్తు లెక్కలు, పాత జాబితాల కోసం అంత జాగ్రత్త తీసుకోలేదు. చేతులు మారినవి మారాయి, అటకల మీద చెదలు పట్టినవి పట్టాయి. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్యమంత్రి పుట్టిన నిమ్మకూరు పామర్రు మండలంలోనే ఉంది. పోయిన రికార్డును కూడదీసే పనికి ఇదే మండలం ముందుకొస్తే ఎంతో బాగుంటుంది.

ఇంతవరకు చెప్పిన కాగితాలన్నిటిలో ఒక పెద్ద ఖాళీ ఉంది: ఆడవాళ్ళు. పామర్రుకు దగ్గరలోని కూచిపూడికి 1763 నాటి ఆస్తి పంపకపు పత్రం ఒకటి ఉంది. అగ్రహారంలోని పదిహేను ఇంటిపేర్లు అందులో ఉన్నాయి. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లను ఈనాటికీ నాట్య ప్రపంచమంతా గుర్తుపడుతుంది. రెండున్నర శతాబ్దాల కిందటి తమ ఇంటి ఆనవాలును ఒక కాగితంలో చూపించగల ఊళ్ళు ఆంధ్రదేశంలో ఎన్నుంటాయి? అంతటి పత్రంలోనూ లెక్క ఇంటిపేరుదే, వాటాదే. ఆ ఇళ్ళకు కోడళ్ళుగా వచ్చినవారెవరో, అక్కడి నుంచి ఏ ఊళ్ళకు వెళ్ళారో అలాంటి కాగితం చెప్పదు. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే స్త్రీ, రికార్డులో రెండుసార్లు మాయమవుతుంది. పుట్టింటి పద్దులో ‘ఆడ’ అన్న ఒక్క మాట, అత్తింటి పద్దులో ‘ఫలానావారి భార్య’.

ఆమె సొంత పేరుతో కనిపించేది ఎక్కువగా భర్త పోయాకే, అదీ కోర్టులో. మచిలీపట్నం కలెక్టరుకు, కావలి వెంకట నారాయణప్పకు మధ్య నడిచి 1861లో లండన్ ప్రివీ కౌన్సిల్ తీర్పు దాకా వెళ్ళిన కేసు న్యాయ విద్యార్థులకు సుపరిచితం. వారసులు లేని కుటుంబంలో వితంతువు అనుభవించిన ఆస్తి ఎవరికి చెందాలన్నది వివాదం. సర్కారు ఆస్తి కోసం తవ్వడం వల్లే ఆ ఇంటి ఆడవారి సంగతులు కాగితమెక్కాయి. తగాదా లేని ఇంటి ఆడపడుచు గురించి ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్ళికాని కూతురికి సమాన వాటా ఇస్తూ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్టపు రాష్ట్ర సవరణతో పరిస్థితి కొంత మారింది. ఆడపిల్లల పేర్లు పంపకాల దస్తావేజుల్లోకి హక్కుదారులుగా వచ్చాయి. అంతకు ముందరి తరాల స్త్రీల కోసం పుట్టింటివైపూ, అత్తింటివైపూ వెతకక తప్పదు.

ఇంకో ఖాళీ కూడా ఉంది. సెంటు భూమి కూడా లేని దళితులకు డైగ్లాట్‌లోనూ, అడంగల్‌లోనూ చోటు లేదు. వాళ్ళ పెద్దల పేర్లు రాసిపెట్టుకున్నది చాలాచోట్ల చర్చి ఒక్కటే. మచిలీపట్నంలో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషనరీలు 1841లో అడుగుపెట్టారు. 1859లో బెజవాడ ప్రాంతపు రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, డార్లింగ్ అనే మిషనరీ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. చదువు లేని ఒక పల్లె మనిషి కథ ఈనాటికీ పేరుతో, సంవత్సరంతో సహా చెప్పుకోగలుగుతున్నామంటే, అతన్ని మనిషిగా లెక్కపెట్టి రాసుకున్న పుస్తకం ఒకటి ఉండబట్టే. భూమి రికార్డునే చరిత్ర అనుకుంటే ఇలాంటి లక్షల కుటుంబాలకు చరిత్రే లేదనాల్సి వస్తుంది. అందుకే బాప్తిస్మం, పెళ్ళి, సమాధి రిజిస్టర్లు రెవెన్యూ రికార్డుతో సమానంగా విలువైనవి. కాగితానికి ముందు నోటిమాట ఉంది. రైతు ఇళ్ళ గోత్రాలు, వంశాలు పాడి ధాన్యం పుచ్చుకునే వంశరాజ్‌ల పాటలు కూడా ఈ లెక్కలోవే. ఆ విద్య తెలిసిన పెద్దల్ని ఇప్పుడే రికార్డు చేయాలి.

ఊరు విడిచిపోయినవారి కథ వేరు. డెల్టా రైతులు 1930లలో నిజాంసాగర్ ఆయకట్టు కింద వర్ని, బోధన్ వైపు, ఆ తర్వాత తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు క్యాంపులకు తరలివెళ్ళారు. ఇక్కడి అడంగల్లో ఆగిపోయిన పేరు అక్కడి పహాణీలో మొదలవుతుంది. ఇంకా ముందు కూలీలు సముద్రాలు దాటారు. 1843లో కోరంగి రేవు నుంచి ‘కోరంగి ప్యాకెట్’ ఓడ తెలుగువారిని మారిషస్ చేర్చింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ‘ట్రూరో’ ఓడ డర్బన్ తీరం తాకింది. 1911 లోపు నటాల్‌కు వెళ్ళిన భారతీయులు 1,52,000కు పైనే. 1903 నుంచి 1916 దాకా మద్రాసు ఓడలు ఫిజీకి మనుషుల్ని మోశాయి.

ఆ పరాయి నేల మీద కూలిని సరుకులాగే లెక్కపెట్టారు. ఆ లెక్కే ఇవాళ వారసులకు ఆధారమైంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చ, కులం, ఊరు, జిల్లా, ఎక్కిన ఓడ, అన్నీ రాసిపెట్టారు. మారిషస్‌కు వచ్చిన దాదాపు నాలుగున్నర లక్షల మంది రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 1860ల నుంచి తీసిన ఫోటోలూ ఉన్నాయి. వారసులు వెళ్ళి అడిగితే వెతికి ధ్రువపత్రం ఇస్తారు. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము అక్కడికి వెళ్ళినప్పుడు, ఏడో తరం వారికి కూడా ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డుకు అర్హత ఇస్తున్నట్టు ప్రకటించారు. ఆ అర్హత తేల్చేది ఇలాంటి కాగితమే. అంతా సమకూర్చుకుని ఒక తెలుగు కుటుంబం తన మూలాల కోసం ఇటు బయలుదేరితే, చేతిలో ఊరి పేరు, ముత్తాత తండ్రి పేరు ఉంటాయి. ఇక్కడి ఆఫీసులో మాత్రం ఆ పేరును ఎక్కడ పోల్చి చూడాలో చెప్పేవారుండరు. నూటయాభై ఏళ్ళ కిందట వెళ్ళిపోయినవారి పేర్లు ఒక ద్వీపం దాచగలిగింది. వాళ్ళను కన్న ఊళ్ళు ఆ పని చేయకపోవడం బాధాకరం.

ఇప్పుడు తొందర ఎందుకంటే, భూముల రీసర్వే నడుస్తోంది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్ళపాడులో మొదలైన ఈ సర్వేతో ఊరూరా పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వస్తున్నాయి. కొలతలు కచ్చితంగా ఉండటం రైతుకు మేలే. కానీ పాత నంబరుకూ కొత్త నంబరుకూ ఉన్న లంకె పట్టిక, పాత డైగ్లాట్, పాత పటం శాశ్వతంగా అందుబాటులో ఉండకపోతే, ఇవాళ్టి పట్టాదారు నుంచి నూరేళ్ళ కిందటి పట్టాదారు దాకా వెళ్ళే దారి మూసుకుపోతుంది. కొత్త రికార్డు వచ్చిందని పాతదాన్ని చెత్తగా చూసే అలవాటు ఆఫీసులకు ఉంది. దాన్ని ఇప్పుడే ఆపాలి.

పేర్లు బయటపెడితే మూసుకుపోయిన తగాదాలు మళ్ళీ లేస్తాయని, కులం పేరుతో కొత్త గొడవలు వస్తాయని కొందరు అధికారులు, పెద్దలు భయపడతారు. భయం పూర్తిగా తప్పు కాదు. అందుకే కాలపరిమితి పెట్టుకోవాలి. అమెరికా జనగణన ఫారాలను 72 ఏళ్ళు దాచి ఆ తర్వాత అందరికీ తెరుస్తుంది. 1950 నాటివి 2022లో తెరిచారు. ఇంగ్లండు వందేళ్ళు ఆగుతుంది. మన దగ్గర 1948 జనగణన చట్టం ఒక్కొక్కరి వివరాలను చూడనివ్వదు కాబట్టి, పల్లె జనన మరణ రిజిస్టరే దిక్కు. నూరేళ్ళు దాటిన జనన పద్దులు, యాభై ఏళ్ళు దాటిన మరణ పద్దులు తెరిస్తే ఎవరి ఆస్తికీ, పరువుకీ నష్టం లేదు. తగాదా పెట్టుకోదలచినవాడు ఇప్పటికే వకీలును పెట్టుకుని ఆ పుస్తకాలు తీయిస్తున్నాడు. తలుపు మూసి ఉన్నది ప్రేమతో వెతికేవాడికే.

పనిని పామర్రు మండలంతో మొదలుపెట్టవచ్చు. మండలంలోని ఊళ్ళ పాత జనన మరణ రిజిస్టర్లు, డైగ్లాట్‌లు, పటాలు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోని 1983కు ముందరి ఇండెక్సులు ముందుగా స్కాన్ చేయాలి. చర్చిలు ఒప్పుకుంటే వాళ్ళ రిజిస్టర్లూ కలపాలి. స్కాన్ చేసినంత మాత్రాన పేరు దొరకదు. ప్రతి పేజీలోని పేర్లను ఊరు, ఫసలీ, తండ్రి పేరుతో జాబితాగా రాయాలి. చేతిరాత చదవగల విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు ఇంకా ఉన్నారు, కంప్యూటర్ మీద వేళ్ళు ఆడే డిగ్రీ విద్యార్థులున్నారు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి రోజుకింతని భత్యం ఇచ్చే ఉత్తర్వు కలెక్టరు స్థాయిలో రావాలి. ఆ జాబితాలో తల్లి పేరుకు ఒక గడి, ఆమె పుట్టింటి ఇంటిపేరుకు ఇంకో గడి మొదటి రోజు నుంచే ఉండాలి. రికార్డులో ఆ వివరం లేనిచోట ఇంటి పెద్దల్ని అడిగి రాయాలి, అది ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కన గుర్తు వేయాలి. చెప్పగలిగినవాళ్ళలో చాలామందికి ఎనభై దాటింది కాబట్టి, స్కానర్ల టెండరు కోసం ఆగకుండా ఈ అడగడం అనే పని ముందు మొదలవ్వాలి.